ముందు ముద్ద, తర్వాతే మాట

పిల్ల సరిగ్గా తినడం లేదంటే మన ఇళ్లలో ముందు దిష్టి తీస్తారు. తర్వాత అరుగుదల టానిక్ వస్తుంది. ఆ తర్వాత గ్యాస్ డాక్టరు, ఎండోస్కోపీ. నెలసరి ఆగిపోతే ఇంకో డాక్టరు, ఇంకో స్కాను. రిపోర్టులన్నీ నార్మల్ అని వస్తాయి. పిల్ల మాత్రం చిక్కిపోతూనే ఉంటుంది. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లాలన్న ఆలోచన వచ్చేసరికి ఏడాది గడిచిపోయి ఉంటుంది. ఈటింగ్ డిజార్డర్లలో, అంటే తిండి చుట్టూ తిరిగే మానసిక జబ్బుల్లో, ఇలా చేజారిన ఏడాది చాలా ఖరీదైనది. జబ్బు మొదలైన మూడేళ్లలోపు, చిన్న వయసులోనే చికిత్స అందినవాళ్లు బాగా కోలుకుంటారు. ఈ అధ్యాయం ఆ ఏడాదిని పోగొట్టుకోకుండా ఉండటానికి.

ముందు గుర్తులు చెబుతాను. "హాస్టల్లో తినేసి వచ్చా", "కడుపు నిండుగా ఉంది" అన్న మాటలు రోజూ వినిపిస్తాయి. ఇంటిల్లిపాదికీ తనే వండిపెడుతుంది, యూట్యూబులో వంటల వీడియోలు గంటలకొద్దీ చూస్తుంది, తన కంచంలో అన్నాన్ని మాత్రం అటూ ఇటూ జరుపుతూ కూర్చుంటుంది. శనివారం ఉపవాసం కాస్తా సోమవారానికి, గురువారానికి పాకుతుంది. మండు వేసవిలో దుప్పటి కప్పుకుంటుంది. జుట్టు ఊడుతుంది. చేయి కడుక్కున్న మరుక్షణం బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పుతుంది. అబ్బాయిల్లో ఇది చాలాసార్లు జిమ్ము పేరుతో మొదలవుతుంది. అన్నం మానేస్తాడు, పెళ్లి భోజనానికి రానంటాడు, ఒక్కరోజు వ్యాయామం తప్పితే మనిషి మనిషిలా ఉండడు. ఇంకొందరు పగలంతా పస్తుండి, అందరూ నిద్రపోయాక వంటింట్లో నిలబడి, చేతికి దొరికినదల్లా కడుపు నొప్పి వచ్చేదాకా తింటారు. తెల్లారాక ఆ సిగ్గుతో మళ్లీ పస్తు.

తిండిని బాగా తగ్గించి, బరువు పెరుగుతుందన్న భయంతో బతకడాన్ని అనరెక్సియా అంటారు. అదుపు లేకుండా తినడం, తిన్నదాన్ని ఎలాగైనా వదిలించుకోవాలని చూడటం బులీమియా. వదిలించుకునే ప్రయత్నం లేకుండా అదుపు తప్పి తినడం బింజ్ ఈటింగ్. చివరి రెండింటిలో చాలామంది మామూలు బరువుతోనో, అంతకంటే ఎక్కువ బరువుతోనో ఉంటారు. అందుకని "ఒళ్లు బాగానే ఉందిగా, జబ్బేంటి?" అన్న ప్రశ్న పక్కన పెట్టండి. లావైపోతామన్న భయం పైకి చెప్పకపోయినా జబ్బు ఉండొచ్చు. హాంకాంగ్‌లో సింగ్ లీ అనే మానసిక వైద్యుడు 1990లలో చూసిన అనరెక్సియా పేషెంట్లలో చాలామంది లావు గురించి మాట్లాడలేదు. కడుపు ఉబ్బరం, ఆకలి లేదు అన్నారు. మన గ్యాస్ డాక్టర్ల క్లినిక్కుల ముందు కూర్చున్న కొందరు పిల్లల కథ కూడా ఇదే అయ్యుండొచ్చు.

ఇక తల్లిదండ్రులు నన్ను అడిగే మొదటి ప్రశ్న: "అన్నీ తెలిసిన పిల్ల, ఇంత మొండిగా ఎలా తయారైంది?"

దీనికి జవాబు రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో దొరికింది. 1944 నవంబరులో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులతో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. వాళ్లంతా యుద్ధం చేయడం తమ మనస్సాక్షికి విరుద్ధమని తుపాకీ పట్టనన్నవాళ్లు. కరవుతో అల్లాడుతున్న యూరప్ ప్రజలకు మళ్లీ తిండి ఎలా పెట్టాలో తెలుసుకోవడానికి తమ ఒళ్లు అప్పగించారు. ఆరు నెలలపాటు వాళ్లకి అరకడుపు తిండి పెట్టారు. శరీర బరువులో దాదాపు నాలుగో వంతు తగ్గింది. దానితో పాటు మనసూ మారిపోయింది. రోజంతా తిండి గురించే ఆలోచన, మాట, కల. వంటల పుస్తకాలు పోగేసి చదివారు. ఒక్క కంచాన్ని గంటల తరబడి సాగదీసుకుంటూ తిన్నారు, ప్లేట్లు నాకారు. స్నేహితులకు దూరమయ్యారు, చిన్న మాటకే మండిపడ్డారు, దిగులుతో కుంగిపోయారు. మళ్లీ తిండి పెట్టడం మొదలయ్యాక కొందరు ఎంత తిన్నా ఆకలి తీరలేదన్నారు. వాళ్లెవరికీ ముందు ఏ మానసిక సమస్యా లేదు. ఉన్నది ఆకలి ఒక్కటే.

మీ పిల్లలో మీరు చూస్తున్న మొండితనం, అబద్ధాలు, కోపం, ముభావం చాలావరకు ఈ ఆకలి చేస్తున్న పనే. ఎండిపోయిన మెదడుకు కౌన్సెలింగ్ ఎక్కదు. అందుకే ఈ జబ్బులో వరస తిరగబడుతుంది. మనసు బాగుపడితే తింటుందని ఎదురు చూడకూడదు. తింటేనే మనసు బాగుపడటం మొదలవుతుంది.

మరి తినిపించేది ఎవరు? 1873లో ఈ జబ్బుకు అనరెక్సియా నెర్వోసా అని పేరు పెట్టిన లండన్ వైద్యుడు విలియం గల్, ఇలాంటి పేషెంట్లను చూసుకోవడానికి అందరికంటే పనికిరానివాళ్లు సొంత బంధువులేనన్నాడు. ఆ మాట నూరేళ్లపైన తల్లిదండ్రుల నెత్తిన కూర్చుంది. పిల్లను ఆసుపత్రిలో పెట్టడం, తల్లిని గేటు బయట నిలబెట్టడం, "మీ పెంపకం వల్లే" అనడం ఆనవాయితీ అయింది. దాన్ని తిరగరాసింది కూడా లండన్ వాళ్లే. 1980లలో మాడ్స్‌లీ ఆసుపత్రిలో క్రిస్టఫర్ డేర్, ఇవాన్ ఐస్లర్, వాళ్ల సహచరులు తల్లిదండ్రులనే చికిత్సలో ముందు వరసలో కూర్చోబెట్టారు. కారణం ఎవరని వెతకలేదు. ఈ పూట భోజనం ఎలా జరగాలన్నదే ప్రశ్న. తర్వాత అమెరికాలో జేమ్స్ లాక్, డేనియల్ లె గ్రాంజ్ దీన్నొక పద్ధతిగా రాసి, 121 మంది కౌమార వయసు పిల్లల మీద పరీక్షించారు. 2010లో వచ్చిన ఫలితాల ప్రకారం, చికిత్స ముగిసిన ఏడాదికి కుటుంబం ద్వారా చికిత్స పొందినవాళ్లలో సుమారు సగం మంది పూర్తిగా కోలుకున్నారు. ఒంటరిగా కౌన్సెలింగ్ తీసుకున్నవాళ్లలో అది నాలుగో వంతుకు కాస్త తక్కువ. సగం అంటే మిగతా సగానికి ఇంకా చికిత్స కావాలనే అర్థం. ఆ నిజం తెలిసే మొదలుపెట్టండి. అయినా ఇది తెలుగు తల్లిదండ్రులకు ధైర్యం ఇచ్చే విషయమని నా గట్టి నమ్మకం. అన్నం కలిపి నోట్లో పెట్టడం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు.

ఈ చికిత్స మూడు దశల్లో నడుస్తుంది. మొదటి దశలో ఏం తినాలి, ఎంత తినాలి, ఎప్పుడు తినాలి అన్నవి పెద్దవాళ్లే నిర్ణయిస్తారు. బరువు కుదుటపడ్డాక ఆ నిర్ణయాలు ఒక్కొక్కటిగా పిల్లకే తిరిగి అప్పగిస్తారు. చివరగా చదువు, స్నేహాలు, ఆ వయసుకుండే మిగతా విషయాల మీదికి మాట మళ్లుతుంది. ఆరు నెలల నుంచి ఏడాది పట్టొచ్చు. రెండు, మూడు దశలు థెరపిస్టు చేయి పట్టుకుని నడిపిస్తారు. ఇంట్లో నలిగేది మొదటి దశలోనే కాబట్టి దాని గురించే వివరంగా చెబుతాను.

రోజుకు మూడు భోజనాలు, మధ్యలో రెండు మూడుసార్లు చిరుతిండి. ఎంత పెట్టాలో డాక్టరుతో, డైటీషియన్‌తో మాట్లాడి మీరు ఖాయం చేసుకోండి. ఆ లెక్క పిల్ల ముందు చర్చకు రాకూడదు. వడ్డించేది మీరే. మన ఇళ్లలో అమ్మ అందరికీ వడ్డించి చివర్న వంటింట్లో తింటుంది. ఈ కొన్ని నెలలు అది కుదరదు. అమ్మ పక్కన కూర్చుని అదే అన్నం, అదే పప్పు, అదే నెయ్యి తినాలి. నాన్న కూడా ఫోను పక్కన పెట్టి అక్కడే ఉండాలి. "వాళ్లమ్మ చూసుకుంటుంది" అని నాన్న తప్పుకున్న ఇంట్లో జబ్బు ఇద్దరి మధ్యలో దూరుతుంది. అమ్మ ఒకటంటే నాన్న దగ్గరికి, నాన్న ఒకటంటే నానమ్మ దగ్గరికి. పెద్దవాళ్లు ముందే గదిలో తలుపేసుకుని మాట్లాడుకుని, బయట ఒకే మాట మీద ఉండండి.

కంచం ముందు ఏమనాలి? చాలా తక్కువ. "ఈ పూటకి ఇదే భోజనం. నేను పక్కనే ఉంటా. నువ్వు తినగలవు." అంతే. అదే మాట, అదే గొంతుతో, పదిసార్లయినా. "నా మీద ఒట్టు", "నా కోసం ఒక్క ముద్ద", "నిన్ను చూసి మీ నాన్నకి బీపీ పెరుగుతోంది" అనకండి. పిల్ల మీద ఇప్పటికే ఉన్న అపరాధభావానికి ఇంకొంచెం చేర్చినట్టవుతుంది. నూనె ఎంత వేశావు, అన్నం ఎందుకింత అన్న వాదనలోకి దిగకండి. అక్కడ జబ్బుదే పైచేయి, దానికి మీకంటే ఎక్కువ లెక్కలు తెలుసు. పిల్ల కంచం విసిరికొడుతుంది. "నువ్వు నా అమ్మవే కాదు" అంటుంది. ఆ మాటలు జబ్బువి. పిల్ల లోపల ఎక్కడో భయపడుతూ, మీరు ఓడిపోకూడదనే కోరుకుంటోంది. కోలుకున్న పిల్లలు చాలామంది తర్వాత ఈ మాటే చెబుతారు. తిన్నాక ఒక గంటసేపు ఒంటరిగా వదలకండి. క్యారమ్స్ ఆడండి, సీరియల్ చూడండి, జడ వేయండి. ఆ గంట చాలా కష్టమైన గంట. అప్పుడు తోడు కావాలి, ఉపన్యాసం అక్కర్లేదు.

లండన్ కింగ్స్ కాలేజీలో పనిచేసిన జానెట్ ట్రెజర్ అనే మానసిక వైద్యురాలు, ఇంటివాళ్లు పడే తొట్రుపాటును జంతువుల పేర్లతో చెప్పారు. కంగారూ తన పిల్లను సంచిలో దాచుకుని లోకం తగలనివ్వదు. ఖడ్గమృగం కోపంతో మీద పడుతుంది. జెల్లీఫిష్ కన్నీళ్లలో కరిగిపోతుంది. నిప్పుకోడి ఇసుకలో తల దూర్చి ఏమీ చూడనట్టుంటుంది. కావలసింది డాల్ఫిన్. ఈదేవాడి పక్కనే ఈదుతూ ఒకసారి ముందుండి దారి చూపిస్తుంది, ఒకసారి వెనక ఉండి మెల్లగా నెడుతుంది. దానికి తోడు మంచుకొండల్లో దారి తప్పినవాళ్లను వెతికి పట్టుకునే సెయింట్ బెర్నార్డ్ కుక్క స్థిమితం, వెచ్చదనం. ఈ బొమ్మలు ఫ్రిజ్ మీద అంటించుకోండి. ఈ రోజు నేను ఏ జంతువునయ్యానని ప్రతి రాత్రీ భార్యాభర్తలు ఒకరినొకరు అడగండి. దెప్పిపొడుచుకోకుండా.

ఒక హెచ్చరిక. వారాల తరబడి దాదాపు ఏమీ తినని మనిషికి ఇంట్లో ఒక్కసారిగా కడుపునిండా పెట్టకండి. ఎండిన శరీరానికి ఉన్నట్టుండి తిండి అందితే రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం పడిపోయి గుండె ఆగే ప్రమాదం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక విడుదలైన ఖైదీలలో వైద్యులు దీన్ని గమనించారు. కాబట్టి మొదటి అడుగు ఫిజీషియన్ దగ్గరికే. నాడి, బీపీ, ఈసీజీ, ఈ మూడు లవణాల పరీక్షలు అడిగి చేయించండి. రక్తపరీక్ష నార్మల్ వచ్చినంత మాత్రాన ప్రమాదం లేదనుకోకండి. స్పృహ తప్పినా, గుండె దడగా ఉన్నా, నాడి మరీ నెమ్మదించినా, కాళ్లు వాచినా, వాంతిలో రక్తం పడినా, నీళ్లు కూడా మానేసినా, చచ్చిపోవాలని ఉందన్నా అదే రోజు ఆసుపత్రికి. ఉపవాసాలు కొన్నాళ్లు ఆపేయాలి. జబ్బుపడ్డవాళ్లకి నియమం సడలించడం మన పెద్దలకు తెలిసిన పద్ధతే, రంజాన్ ఉపవాసాల్లోనూ ఆ మినహాయింపు ఉంది. దేవుడి పేరు జబ్బు చేతికి ఇవ్వకండి.

ఇప్పుడు కష్టమైన సంగతికి వస్తాను.

1980లలో అమెరికాలోని శాన్ డియాగోలో విన్సెంట్ ఫెలిటీ అనే వైద్యుడు ఊబకాయం తగ్గించే క్లినిక్ నడిపేవాడు. బరువు బాగా తగ్గుతున్నవాళ్లే మధ్యలో మానేసి వెళ్లిపోతుండటం ఆయనకు అర్థం కాలేదు. వాళ్లను పిలిచి కూర్చోబెట్టి జీవితాలు అడిగాడు. చాలామంది చిన్నతనంలో లైంగిక దాడికి గురైనవాళ్లు. వాళ్లకు లావు ఒక రక్షణ. తిండి ఒక మత్తు. డాక్టరు సమస్య అనుకున్నది వాళ్లు బతకడానికి వెతుక్కున్న ఉపాయం. అక్కణ్నుంచి ఆయన, రాబర్ట్ ఆండా అనే పరిశోధకుడు కలిసి 17,000 మందికి పైగా పెద్దవాళ్ల బాల్య గాయాలను, వాళ్ల ఆరోగ్యాన్ని పోల్చి చూశారు. బాల్యంలో గాయాలు పెరిగేకొద్దీ పెద్దయ్యాక జబ్బులూ పెరగడం 1998లో వెలువడిన ఆ అధ్యయనపు తొలి ఫలితాల్లోనే కనిపించింది.

ప్రతి ఈటింగ్ డిజార్డర్ వెనకా ఇలాంటి గాయం ఉండదు. లేనిదాన్ని తవ్వి తీయాలని పిల్లను ప్రశ్నలతో వేధించకండి. అయితే కొందరిలో ఉంటుంది. ట్యూషన్ సారు, బంధువుల అబ్బాయి, హాస్టల్లో సీనియర్లు, బస్సులో చేయి. లేదా ఏళ్ల తరబడి ఇంట్లో కొట్లాటలు, "నల్లపిల్ల", "బొండాం" అన్న వెక్కిరింపులు. అలాంటివాళ్లకు పస్తు లోపలి అలజడిని మొద్దుబారుస్తుంది, వాంతి కాసేపు ఊరటనిస్తుంది. ఒళ్లు చిన్నదైపోతే ఎవరి చూపూ తగలదనిపిస్తుంది. తిండి కుదుటపడుతున్నప్పుడే పాత జ్ఞాపకాలు పైకి రావడం, పీడకలలు మొదలవడం అందుకే. అది చూసి చికిత్స వికటించిందని భయపడి ఆపేయకండి. థెరపిస్టుకు చెప్పండి.

అలాంటి గాయం ఉన్న పిల్ల ఒకరోజు ఆ సంగతి చెబుతుంది. చాలావరకు మీరు సిద్ధంగా లేని వేళలో, లైటు తీసేశాక, స్కూటీ వెనక సీటు మీద నుంచి. అప్పుడు మీరు అనే మొదటి మాట ఆ పిల్ల ఎప్పటికీ మర్చిపోదు. "నిన్ను నమ్ముతున్నా. తప్పు నీది కాదు. చెప్పి మంచి పని చేశావు." వివరాలు గుచ్చి గుచ్చి అడగొద్దు. "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?" అనొద్దు. "ఇంకెక్కడా అనకు, పరువు పోతుంది" అని అస్సలు అనొద్దు. పరువు పోవలసింది ఆ పని చేసినవాడిది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలైతే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఆ సంగతి తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. డాక్టరుకూ, స్కూలుకూ ఆ బాధ్యత ఉంది. పిల్లల హెల్ప్‌లైన్ నంబరు 1098. ఆ మనిషి ఇంటికి వచ్చేవాడైతే, ఆ రోజు నుంచే రాకపోకలు బంద్. మేనమామైనా సరే, ఎంత సాయం చేసినవాడైనా సరే. హాని చేసినవాడు కూర్చునే పంక్తిలో ఏ చికిత్సా పనిచేయదు. ఇంట్లోవాళ్లే హాని చేస్తున్నప్పుడు పైన చెప్పిన కుటుంబ చికిత్స వర్తించదు కూడా. పిల్ల సురక్షితంగా ఉండే చోటు ముందు చూడాలి.

గాయానికి వేరే చికిత్స ఉంది. ట్రామా కోసం రూపొందించిన కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, కళ్ల కదలికలతో చేసే ఈఎండీఆర్, జ్ఞాపకాన్ని భద్రమైన చోట కొద్దికొద్దిగా ఎదుర్కొనే ఎక్స్‌పోజర్ థెరపీ. ఇవి మెదడుకు కాస్త తిండి అందాకే ఫలిస్తాయి. అలాగని బరువంతా వచ్చాక చూద్దామని ఏళ్లు వాయిదా వేయడమూ తప్పే. రెండూ చూసే బృందం ఒకే మాట మీద నడవాలి.

పెద్దవాళ్ల సంగతి క్లుప్తంగా. ఇరవై దాటినవాళ్లకు ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ రూపొందించిన కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ బాగా పనిచేస్తుంది. బరువు మరీ తక్కువ లేనివాళ్లకు సుమారు 20 సెషన్లు. దానిలోనూ మొదటి మెట్టు వేళకు తినడమే. బులీమియాకు ఫ్లూయాక్సెటీన్ మందు కొంత ఉపయోగపడుతుంది, అనరెక్సియాను నయం చేసే మాత్ర లేదు. భర్తగానీ భార్యగానీ ఇక్కడ కాపలా కాయకూడదు. "నీకు ఏ పూట కష్టంగా ఉంది, అప్పుడు నేనేం చేయాలి?" అని అడిగి, అది చేయాలి. అమెరికాలో, ఆస్ట్రేలియాలో చదువుకుంటున్న పిల్లలైతే వీడియో కాల్‌లో ముఖం ఒక్కటే చూసి నమ్మకండి. కాలేజీ హెల్త్ సెంటర్‌కు వెళ్లమనండి, అవసరమైతే ఒక సెమిస్టర్ సెలవు పెట్టించి ఇంటికి తెచ్చుకోండి. చదువు ఎక్కడికీ పోదు.

చుట్టాల నోళ్ల గురించి చెప్పకుండా ఈ అధ్యాయం ముగించలేను. మన పెళ్లిళ్లలో పలకరింపే ఒళ్లుతో మొదలవుతుంది: "ఏమే, ఇలా చిక్కిపోయావ్?", "ఏంట్రా, బాగా వొళ్లు చేశావ్?" కోలుకుంటున్న పిల్లకు "ఇప్పుడు కాస్త బొద్దుగా బాగున్నావ్" అన్న మెచ్చుకోలు కూడా రెండు వారాల కష్టాన్ని వెనక్కి లాగగలదు. ఫంక్షన్‌కు ముందే పిన్నికీ, అత్తయ్యకూ ఫోన్ చేసి చెప్పండి: "దాని బరువు గురించి, కంచం గురించి ఎవరూ ఒక్క మాట అనొద్దు. చదువు గురించి అడగండి, పాటల గురించి అడగండి." నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి. ఇంట్లో మీ డైటింగ్ కబుర్లు కూడా ఆపండి. రెండో బిడ్డను మర్చిపోకండి. ఈ గొడవల్లో ఆ బిడ్డ నిశ్శబ్దంగా సర్దుకుపోతూ ఉంటుంది. వారానికోసారైనా ఆ బిడ్డతో ఒంటరిగా బయటికి వెళ్లండి. తల్లులూ, మీరు కూడా వంతులు వేసుకోండి. సాయంత్రం టిఫిన్ బాధ్యత నాన్నదో, బాబాయిదో కానివ్వండి. పడిపోయిన తల్లి ఎవరికీ తినిపించలేదు.

ఈ జబ్బుకే ప్రత్యేకమైన క్లినిక్కులు మన దగ్గర తక్కువ. మానసిక వైద్యుడు, ఫిజీషియన్, డైటీషియన్ కలిసి చూసే ఏర్పాటు మీరే చేసుకోవలసి రావచ్చు. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల సైకియాట్రీ విభాగాలు, హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయం, బెంగళూరు నిమ్హాన్స్ ఉన్నాయి. డాక్టరును మొహమాటపడకుండా మూడు ప్రశ్నలు అడగండి. ఈటింగ్ డిజార్డర్లు ఇంతకుముందు చూశారా? నాడి, బరువు, రక్తపరీక్షలు ఎవరు గమనిస్తారు? మమ్మల్ని చికిత్సలో కలుపుకుంటారా? "అవసరం లేదు, మీరు బయట కూర్చోండి" అని కారణం చెప్పకుండా పంపిస్తే ఇంకో డాక్టరును వెతకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం బీమా కంపెనీలు శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా కల్పించాలి. మీ పాలసీ కాగితాలు తీసి చూడండి.

ఎవరికి చెప్పాలో తోచకపోతే, 2022 అక్టోబరు నుంచి ప్రభుత్వం నడుపుతున్న టెలీ మానస్‌కు ఫోన్ చేయండి. నంబరు 14416. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఈ పుస్తకం పక్కన పెట్టి, ఈ వారంలోనే ఒక ఫిజీషియన్ అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఈ రాత్రి భోజనానికి పిల్ల పక్కన కూర్చోండి.